కడ్డీ మీద గాటు

మదనపల్లెలో ఎక్కిన పోలీసు వ్యాను పుంగనూరులో ఇద్దరిని దించింది. నన్ను కుప్పం దాటాక, రామకుప్పం వైపు ఒక చిన్న స్టేషన్ ముందు వదిలి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఎండ. భుజాన సంచి, అందులో నీళ్ళ సీసా, సైన్యం నాటి దుప్పటి. ఎన్నికల బందోబస్తుకు మాజీ సైనికులు కావాలంటే కురబలకోట నుంచి వచ్చినవాణ్ణి. పోలింగ్ కేంద్రం దగ్గర నిలబెడతారనుకున్నాను.

ఎస్సై నా కాగితం చూశాడు. "మిలిటరీలో ఏం చేసేవారు?"

"యూనిట్ ఆయుధాల గది నేనే చూసేవాణ్ణి సార్."

ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాను. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. వాటిని తీసుకోవడం, పరీక్షించడం, గదిలో పెట్టి తాళం వేయడం, ఫలితాల తర్వాత తిరిగి ఇవ్వడం నా డ్యూటీ. మందు నింపిన తుపాకీ గదిలోకి రాకూడదన్నది ఆర్డరు.

సరదా వేట మన దేశంలో ఏనాడో ఆగిపోయింది. అక్కడి తుపాకులు పంట కాపలావి. గొట్టం మూతిలోంచి మందు పోసి కడ్డీతో దట్టించే పాత రకం. పందుల్ని బెదిరించే చప్పుడు కోసమేనని అందరూ అన్నారు. సరే అన్నాను. నాకు ఒళ్ళు మండింది వాటిని దాచే తీరు చూసి. ఒకాయన గడ్డివామిలోంచి లాగి తెచ్చాడు, గొట్టం నిండా పొట్టు. మామిడి తోటల ఆసామి ఒకాయన తాతగారి వేట తుపాకీ తెచ్చాడు. మఖమల్ పెట్టె, ఇత్తడి తాళం, చూడ ముచ్చటగా ఉంది. తాళంచెవి మాత్రం ఆ పెట్టె పిడికే దారంతో కట్టి ఉంది.

"యాడన్నా పోతాదని కట్టినామప్పా" అన్నాడు.

మా యూనిట్‌లో తుపాకులు ఒక గదిలో, తూటాలు ఇంకో గదిలో ఉండేవి. తాళాలు ఒక్క మనిషి నడుముకు. ఒక్క తూటా తక్కువైతే అది దొరికేదాకా ఎవరికీ అన్నం లేదు. ఇది చెబితే జనం నవ్వారు.

గంగప్ప వచ్చింది మూడోనాడు. అరటి తోట రైతు. తుపాకీని రాగుల సంచిలో చుట్టుకుని, నిండు బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చాడు.

"మందు ఉండాదా?"

"ఉత్తదేనప్పా. దేవునిమీద ఒట్టు."

కడ్డీ గొట్టంలోకి వదిలాను. అడుగుకు తగలాలి. నాలుగు వేళ్ళ ముందే ఆగిపోయింది. వెనక మీట కింద, మందుకు నిప్పంటించే టోపీ కూడా పెట్టే ఉంది. దాన్ని మెల్లగా తీసి పక్కన పెట్టాను. ఒక్క కుదుపు చాలు, ఆ బస్సులో ఎవరో ఒకరు పోయేవాళ్ళు.

వైర్‌లెస్ సెట్ దగ్గరి కానిస్టేబుల్ కంట్రోల్‌ను పిలిచాడు.

"తుపాకీలో మందు ఉండాది సార్. ఏం చేయాల? ఓవర్."

"ఖాళీ చేసి తీసుకోండి. ఓవర్."

"పేలిస్తేనే ఖాళీ అవుతాదంటాండారు. ఓవర్."

"కోడ్ ఉండగా పేల్చకూడదు. ఓవర్."

"అయితే ఇంటికి పంపిద్దామా సార్? ఓవర్."

"కోడ్ ఉండగా ఇంట్లో ఉండకూడదు. అవుట్."

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

స్టేషన్ వెనక, మూతిని మట్టిగోడ వైపు పెట్టి గొట్టంలో నీళ్ళు పోశాను. మందు బాగా నానాక, కొసన మరమేకు బిగించిన కడ్డీతో మెల్లగా లాగాను. కొబ్బరిపీచు వచ్చింది, నల్లటి బురద వచ్చింది, దాంతోపాటు సైకిల్ చక్రంలో వేసే ఇనప గుండ్లు వచ్చాయి. గంగప్ప నోరు తెరిచాడు.

"మావోడు దట్టించినాడేమోప్పా. నాకు సెప్పలే."

"ఇంట్లో యాడ పెడతారు?"

"దూలం కింద మేకుకు. ఆ దూలానికే మా మనమరాలి ఉయ్యాల. అందురూ తిరగతా ఉండే సోటు కదా, భద్రం."

కూర్చోబెట్టి చెప్పాను. ఇనప పెట్టె కొనండి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. మందు, టోపీలు వేరే చోట ఉండాలి. ఖాళీ గొట్టంలో కడ్డీ వేసి, మూతి అంచు తగిలేచోట ఆకురాయితో గాటు పెట్టాను. కడ్డీ ఎప్పుడూ గొట్టంలోనే ఉంచమన్నాను. గాటు మూతి దగ్గర ఉంటే ఖాళీ. పైకి లేచి కనిపిస్తే లోపల మందు ఉన్నట్టు.

తుపాకులు తిరిగి ఇచ్చిన రోజు గంగప్పతో కొడుకు రవి, కోడలు శాంతమ్మ కూడా వచ్చారు. అంతా మళ్ళీ చెప్పాను. రవి ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టాడు. శాంతమ్మ చంకలో బిడ్డతో కడ్డీ దగ్గరికి వంగింది.

"గాటు పైకి అగపడితే లోపల ఉండేట్టేనా అన్నా?"

"అవునమ్మా."

మరో వారానికి నాకు సెలవిచ్చారు. వ్యాను రాలేదు. బస్సుకు పోతూ, దారిలోనే కదా అని గంగప్ప ఇంటికి వెళ్ళాను. నిజానికి, చెప్పినట్టు చేసుంటే మెచ్చుకోవాలనే వెళ్ళాను.

"పెట్టె తెచ్చినామప్పా!" అని గంగప్ప సంబరంగా తాళం తీసి చూపించాడు. లోపల పట్టుచీరలు, పొలం పాసుబుక్కు. తుపాకీ దూలం కింద పాత మేకుకే ఉంది. కడ్డీ మూతిలోంచి లేచి ఉంది. గాటు నాలుగు వేళ్ళ పైన మెరుస్తోంది.

"పందులొచ్చినప్పుడు తాళంచెవి యాడ ఎతికేది?" అన్నాడు రవి.

"పంది చేన్లోకి వస్తాదిరా, నీ నట్టింట్లోకి కాదు!" అని అరిచాను. అప్పుడు చూశాను. తుపాకీ కింద ఉయ్యాల లేదు.

"పాప యాడ?"

శాంతమ్మ నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయింది. పశువుల కొట్టంలో, ఆవుకీ దూడకీ మధ్య గుంజలకు చీర ఉయ్యాల కట్టి ఉంది. పాప నిద్రపోతోంది.

"గాటు పైకి వచ్చిండాదన్నా. తీయండని ఇద్దురికీ సెప్పినా. యినలే. తుపాకీ ముట్టుకుంటే అరుస్తారు. ఉయ్యాల నా సేతిలో పని కదా, ఇప్పి ఈడ కట్టుకున్నా."

తుపాకీ దించి మళ్ళీ నీళ్ళు పోశాను. మళ్ళీ పీచు, బురద, ఇనప గుండ్లు. రవి మొహం మాడ్చుకున్నాడు. నేను బస్సెక్కిన సాయంత్రమే వాడు మళ్ళీ దట్టిస్తాడని నాకు తెలుసు. లైసెన్సు ఉంది, ఎన్నికలు అయిపోయాయి, నా మాటకు ఇక ఏ అధికారమూ లేదు. స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పాను. చూద్దాంలే అన్నారు.

మదనపల్లెలో దిగాక డ్యూటీ ఎట్లా జరిగిందని అందరూ అడిగారు. ప్రశాంతంగా జరిగిందన్నాను. పత్రికల్లోనూ అదే వచ్చింది. సైన్యంలో మంచు చూశాను, శవాలు చూశాను, అవి ఈమధ్య అంతగా గుర్తుకు రావు. ఇది మాత్రం వదలడం లేదు. కొట్టంలో పేడ పక్కన నిలబడి శాంతమ్మ పాప మొహం మీది ఈగల్ని కొంగుతో తోలుతోంది. తెరిచిన తలుపులోంచి ఇల్లు కనిపిస్తోంది. అక్కడ, తుపాకీ కింద, ఉయ్యాల ఉండాల్సిన ఖాళీ చోట, పాపకోసం పెట్టిన టేబుల్ ఫ్యాను తిరుగుతూనే ఉంది.