మూడో తెల్లమెట్టు

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఎక్కువ, సంగీతం తక్కువ. డిగ్రీ పూర్తయిన ఏడాదే రాజాంలో ఒక ప్రైవేటు బడికి ఇంటర్వ్యూకి వెళ్లాను. అందరూ పెద్దమేడం అని పిలిచే హెడ్మిస్ట్రెస్ "సంగీతం వచ్చా?" అంటే "వచ్చండీ" అనేశాను. (మా చర్చిలో కీబోర్డు వాయించేదాన్ని. మూడు పాటలు, అవీ తెల్లమెట్ల మీదే. నల్లమెట్టు అవసరమైన చోట గొంతెత్తి పాడేసేదాన్ని.) ఆవిడ సంతోషించి, ఐదో తరగతి పిల్లలకి తగిన వాయిద్యం నన్నే ఎంచమంది. వార్షికోత్సవంలో వాళ్లు ఒక్క పాటైనా వాయిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే అని కూడా నవ్వుతూనే చెప్పింది. అప్పటికే మా అమ్మ, కూతురు మేస్టరమ్మ అయిపోయిందని చర్చి అంతా చెప్పేసుకుంది.

వారం రోజులు తెగ ఆలోచించాను. వేణువు ఊదితే నాకే గాలి తప్ప స్వరం రాలేదు. హార్మోనియం ముందు కూర్చోబెడితే పిల్ల కనపడదు. తబలా కొందామంటే పక్కగదిలో లెక్కల మాస్టారున్నారు. చివరికి మెలోడికా దొరికింది. మూరెడు పెట్టె, పైన హార్మోనియంలాంటి మెట్లు, పక్కన గొట్టం. గొట్టంలోంచి ఊదుతూ మెట్టు నొక్కితే పలుకుతుంది. తెల్లమెట్లు కూడా ఉన్నాయి, ఇంకేం కావాలి! ఇరవైనాలుగు తెప్పించి, మొదటి వారం మూడో తెల్లమెట్టు ఒక్కటే నేర్పాను. రోజూ పొద్దున్నే వీధిగుమ్మంలో కూర్చుని దాన్నే గట్టిగా, పొడుగ్గా ఊదమని హోంవర్కు ఇచ్చాను. అంత శ్రద్ధగా చేసిన హోంవర్కు నేను మళ్లీ చూడలేదు.

నాలుగో రోజు బడి గేటు దగ్గర ఒక మోపెడ్ ఆగింది. సముద్రం ఒడ్డు నుంచి రోజూ పొద్దున్నే ఊళ్లోకి చేపలు తెచ్చే మావ. (ఊరందరికీ మావే.) హ్యాండిలుకున్న రబ్బరు హారను ఆయన "పీఁ" మనిపిస్తే చాలు, ఆడవాళ్లు గిన్నెలతో బయటికొచ్చేవారు.

"ఏటమ్మా మేస్టరమ్మా, నాకేటి సేసినావో ఎరుకా? మూడ్రోజులు నీ బడి గుంటలు పీఁ అంటే నేనే అనుకుని జనం గిన్నెలట్టుకొచ్చి తిట్టుకున్నారు. ఇవాళ నేనొచ్చి పీఁ అంటే గుంటలే అనుకుని ఒక్కలూ గుమ్మం దిగనేదు. నెత్తళ్లన్నీ అలాగే ఉన్నాయి, సూడు!" అని హారను నొక్కాడు. అచ్చం మూడో తెల్లమెట్టే!

ఆ మోతకి బయటికొచ్చిన పెద్దమేడం కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది. "ఇంకోపాలి ఎవులైనా ఇలాగొచ్చి అడిగితే, ఆ పెట్టెలూ నువ్వూ ఒకే ఆటోలో ఎల్దురు గాని."

నాకు ఏడుపొచ్చేసింది, నిజంగానే ఏడ్చాను. మావ కంగారుపడ్డాడు. "ఊరుకోమ్మా. నా మెట్టొకటి ఒగ్గీ. మిగతాయన్నీ నీయే."

ఆ మెట్టుకి ఇరవైనాలుగు పెట్టెల్లోనూ ప్లాస్టరు అంటించాను. కానీ నాకొచ్చిన మూడు పాటల్లోనూ అది లేకుండా గడవదు! అది వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, మనసులో ఒకటి లెక్కపెట్టి ముందుకెళ్లండని పిల్లలకి నేర్పాను.

వార్షికోత్సవం రోజు పాట మొదలైంది. పళ్లూడిన నోటితో మాట్లాడినట్టు మధ్యమధ్యలో ఖాళీలు. జనంలో గుసగుసలు. పెద్దమేడం ముఖం చూసి, ఆటో వచ్చేసినట్టే అనుకున్నాను. సరిగ్గా అప్పుడు మూడో ఖాళీలో, వెనకనుంచి "పీఁ"! నాలుగో ఖాళీలోనూ "పీఁ"! పిల్లలు హుషారెక్కి ఊదేశారు. అక్కణ్నుంచి ఒక్క ఖాళీ తప్పిపోలేదు. మధ్య వరసలో ఇద్దరు ఆడవాళ్లు పర్సులు తడుముకుంటూ లేచి, సిగ్గుపడి కూర్చున్నారు. బయట బండికి వదిలేస్తే ఎవరైనా పట్టుకుపోతారని మావ హారను ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాడట. "నా మెట్టు నేక మీ పాట సచ్చిపోతంది. సూడనేకపోయాను" అన్నాడు తరవాత.

పెద్దమేడం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "నీకు ఉద్యోగం ఇచ్చీసినాను. ఇప్పుడు ఆయనకి కూడా ఇవ్వాలేటే?" అంది.

ఆ తరవాత ఎన్నో వార్షికోత్సవాలకి, ఒక్క స్వరం పోకుండా, ఎన్నో పాటలు నేర్పాను. వాటిలో ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. ఆ ఖాళీల పాట మాత్రం ఇప్పటికీ వంట చేస్తూ కూనిరాగం తీస్తుంటాను. ఆ చోటు వచ్చేసరికి నాకు తెలియకుండానే ఆగి, "పీఁ" అంటాను.

"సేపలొచ్చినాయేటే?" అంటారు మా ఆయన ముందుగదిలోంచి.

"నేదండీ, నేనే" అంటాను.