డండాక్‌లో పాలు పొంగాయి

మాధవి గృహప్రవేశానికి డండాక్ వెళ్ళాను. వెళ్ళకపోతే స్నేహం పోతుంది, వెళితే నా నిద్ర పోతుంది. నిద్రే పోనీ అనుకున్నాను.

యూరప్ కస్టమర్ల కోసం కంపెనీలు ఐర్లండులో వరసగా ఆఫీసులు తెరుస్తున్న రోజులవి. జర్మన్ వస్తే జీతమే వేరు. చెర్రీవుడ్ ఆఫీసులో పక్కపక్కన కూర్చునే మేమిద్దరం కలిసి శనివారం క్లాసులో చేరాం. ఆరు పాఠాలయ్యాక నేను మానేసి, నా నోట్సు ఆమెకిచ్చేశాను. ఇప్పుడామె డండాక్‌లో జర్మన్ టీమ్ లీడు. నేను అదే కుర్చీలో ఉన్నాను.

ఉదయం ఏడూ ఇరవైకి లువాస్ ట్రామ్ ఎక్కి, నగరం మధ్యలో దిగి, కనోలీ స్టేషనుకు నడిచాను. రైలు టికెట్టు ముందే ఆన్‌లైన్లో కొనుక్కోండి, చవక. సముద్రం కనపడాలంటే కుడివైపు కూర్చోండి. ఎదురు సీట్లోని ఐరిష్ పెద్దావిడ ఎక్కడికని అడిగింది. స్నేహితురాలు ఇల్లు కొనుక్కుందని చెప్పాను.

"గ్రాండ్. నీకూ సంతోషంగా ఉండుంటుంది" అంది.

ఉందన్నాను. కుళ్ళుకుంటూ వెళుతున్నానని రైల్లో ఎవరికి చెబుతాం?

పదిన్నరకి పాలు పొంగాయి. మేం సంబరపడేలోపే పాలు మీటల మీదికి పారి, కరెంటు పొయ్యి కుయ్యిమని ఆగిపోయింది. ఎంత నొక్కినా వెలగలేదు, ఇంకా పాయసం వండాలి. పాత యజమానులు జర్మనీ నుంచి తెచ్చుకున్న పొయ్యట. మాధవి ప్రెస్ తెరిచి, అల్మరాని ఇక్కడ అలాగే అంటారు, దాని పుస్తకం తీసింది. జర్మన్, డచ్, డేనిష్, స్వీడిష్ ఉన్నాయి, ఇంగ్లీషు లేదు. ఆ భాషలన్నీ ఇంగ్లీషుకు అక్కచెల్లెళ్ళేనట. ఆఫీసులో మాధవి ఆస్ట్రియా, స్విట్జర్లాండుల నుంచి ఫోన్లొచ్చినా జర్మన్లోనే మాట్లాడుతుందట. గడగడా చదివి, తడి తుడిచి, ఒక మీట నొక్కిపట్టింది. పొయ్యి వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చప్పుడు రాకుండా.

భోజనాలయ్యాక అదే ప్రెస్‌లోంచి నా నోట్సు తెచ్చి చేతిలో పెట్టింది.

"దీంతోనే నేర్చుకున్నానే. మా టీమ్‌లో ఇంకో పోస్టు వస్తోంది, మళ్ళీ మొదలుపెట్టు."

చూస్తాలే అన్నాను.

తిరుగు రైలు నాలుగింటికి. ఈసారి సముద్రం ఎడమవైపు ఉంటుంది. నేను చూడలేదు, నోట్సు తెరిచాను. ఆరో పాఠం దాకా నా చేతిరాత. ఏడు నుంచి ఆమెది, చివరి పేజీ దాకా, చోటు చాలక అట్ట లోపల కూడా. ఇన్నాళ్ళూ ఆమెది అదృష్టమని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇక ఆ మాటా అనుకోలేను.