కంప్యూటరు ఫరవాలేదన్న మునక

ఆదివారం పూట మా పక్కింటి దండెం మీద బాప్తిస్మం తీసుకున్నవాళ్ల తెల్లబట్టలు ఆరుతున్నాయి. ఎంత పిండినా వాటికి గోదావరి ఒండ్రు వాసన పోదు. ఆ వాసన తగిలితే చాలు, నాకు రత్నమణి గారు గుర్తొస్తారు.

అమలాపురంలో ఒక మేడ మీది ఆఫీసులో ఆవిడ నాకు పై అధికారి. బళ్లో డ్రిల్లు టీచరుగా రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక అందులో చేరారు. మా పని చెబితే నవ్వుతారేమో. వీడియోలో మనిషి కనిపిస్తే చుట్టూ గడి గీసి, నడుస్తున్నాడో, కూర్చున్నాడో, పడిపోతున్నాడో రాయాలి. అలా వేలకొద్దీ చూపిస్తే చివరికి కంప్యూటరే మనిషిని చూసి ఏం చేస్తున్నాడో చెబుతుందట. రేవుల్లో కెమెరాలు పెట్టి, ఎవరైనా మునిగిపోతుంటే గంట మోగించాలని మా కంపెనీ ఆశ. నేను చేరిన రోజే ఆవిడ నా ముందు ధబీమని నేల మీద పడ్డారు. కెవ్వుమన్నాను. ఆవిడ చీర దులుపుకుంటూ లేచి, "నిజంగా పడ్డాననుకున్నావా, నాటకమనుకున్నావా?" అన్నారు.

"తెలీలేదండి."

"ఆయ్! నీకే తెలీనిది దానికేం తెలుస్తాదమ్మా? గబగబా మీట నొక్కేయకు."

ఆవిడకు మహా చాదస్తమని వెనకాల అనుకునేవాళ్లం.

దిండి దగ్గరి రేవులో కెమెరా పెట్టాక పెద్ద చిక్కొచ్చింది. పాస్టరుగారు మనిషిని వెనక్కి వాల్చి నీళ్లలో ముంచగానే తెర మీద ఎర్రగడి, రేవులో గంట! ఎవరో ఎవరినో నీళ్లలో నొక్కేస్తున్నారని దాని గోల. సంఘపెద్దలు రేవు కాపలాదారు మీద విరుచుకుపడ్డారు. మా ఆఫీసులో సగానికి పైగా అలా మునిగి లేచినవాళ్లమే. కంపెనీ అడగడమే ఆలస్యం, అలాంటి వీడియోలన్నిటికీ సంబరంగా 'బాప్తిస్మం, ఫరవాలేదు' అని రాసిపారేశాం. ఎర్రగడి ఆకుపచ్చగా మారింది. గంట ఆగింది. రత్నమణి గారి మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు. ఆవిడా సంఘంలో మనిషే.

"ఇహ తెల్లబట్టల్తో రేవులోకి దిగినోళ్లు నిజంగా మునిగిపోయినా ఇది నోరెత్తదు. పైవాళ్లకి చెప్పేను, వినలేదు. నాకు భయంగా ఉందమ్మా."

"మీకన్నీ భయాలేనండి," అన్నాను.

తర్వాత మా చెల్లెలు సునీత బాప్తిస్మం ఆ రేవులోనే జరిగింది. నాకు సెలవు దొరకలేదు. "ఇక్కణ్ణుంచే చూసుకో," అని రత్నమణి గారే ఆ కెమెరా దృశ్యం తెరిచి నా పక్కన కూర్చున్నారు. శబ్దం రాదు, బొమ్మ మాత్రమే. చెల్లెలు మునిగింది, లేచింది. నేను చప్పట్లు కొట్టాను. పాస్టరుగారు తర్వాతి మనిషి వైపు తిరిగారు. ఒడ్డున ఉన్నవాళ్లంతా ప్రార్థనలో తలలు వంచి కళ్లు మూసుకున్నారు. చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ మెట్ల వైపు వస్తూ మళ్లీ మునిగింది. దాని చుట్టూ ఆకుపచ్చ గడి. ఫరవాలేదు.

రత్నమణి గారు అప్పటికే లేచి నిలబడి కాపలాదారుకు ఫోన్ చేస్తున్నారు. "ఏవండీ, ఆ అమ్మాయి లేవలేదండి! మెట్ల పక్కనండి! పరిగెత్తండి బాబూ!" నీళ్ల మీద ఒక చెయ్యి కనిపించి, అదీ పోయింది. గడి కూడా మాయమైంది. దేవుడా, ఒడ్డున అంతమంది ఉండీ ఒక్కరూ కళ్లు తెరవలేదు. పడవల దగ్గర్నుంచి కాపలాదారు పరిగెత్తుకొచ్చి దూకాడు. జుట్టు పట్టుకుని పైకి లాగాడు. అది భళ్లుమని నీళ్లు కక్కేదాకా నేను ఆవిడ చెయ్యి వదల్లేదు. నా గోళ్లు దిగి ఆవిడకు నెత్తురొచ్చిందని తర్వాత చూశాను.

తేరుకున్నాక సునీత ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టి, "కంప్యూటరుకే తెలీలేదు, మీకెలా తెలిసిందండి?" అని అడిగింది.

"నాకూ తెలీలేదమ్మా. భయమేసింది, అంతే."

ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. కంప్యూటరు బాగా తర్ఫీదైంది, ఇక రేవుల్ని మనుషులు చూడక్కర్లేదని ఒప్పుకోమని కంపెనీవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. దానికి భయమెయ్యడం ఎప్పుడు నేర్పారని అడుగుతున్నాను. నేను ఒప్పుకోలేదు.