హైదరాబాద్ సారూ, నేనూ, ఒకే కంప్యూటరూ

ఆ రోజుల్లో నంద్యాలలో ఒక పని బాగుందని నమ్మించాలంటే, పని బాగుంటే సరిపోయేది కాదు. హైదరాబాద్‌లో ఎవరో ఒకరు బాగుందనాలి. పంటినొప్పికి మా వీధి డాక్టరు రాసిన మాత్రే హైదరాబాద్ డాక్టరు కూడా రాసేదాకా మావాళ్లకు నొప్పి తగ్గేది కాదు. నేనూ ఆ గాలి పీల్చి పెరిగినదాన్నే కాబట్టి, అవసరం వచ్చినప్పుడు ఒక హైదరాబాద్ మనిషిని నేనే తయారుచేసుకున్నాను. (గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు. అయినా ఇన్నేళ్లకు నన్నెవరు ఉద్యోగంలోంచి తీసేస్తారులే అని చెబుతున్నాను.)

రెండువేల దశకం చివర్లో చదువైపోయి, నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రాములు రాసే పనికి చేరాను. మూడు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. మాది రుద్రవరం. బస్సెక్కించేటప్పుడు మా నాయన, "మూడు నెల్లే పాపా. వాళ్లు పర్మనెంటు చేయకుంటే వచ్చి ఈడ కాన్వెంట్లో పిల్లోళ్లకు అఆలు చెప్పుకో" అన్నాడు. ఆ కాన్వెంట్లో అంతకుముందే ఒక వారం చెప్పి చూశాను. మూడోరోజుకే పిల్లలు నా చున్నీని కుర్చీకి ముడేశారు. అందుకని నంద్యాల ఉద్యోగం నాకు ప్రాణంతో సమానమైంది.

మొదటి పని ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయనది. ఏ ఊరివాళ్లకు ఏ దేవుడు, ఎన్ని అడుగులు, ఎప్పటికి ఇవ్వాలి అన్నదంతా ఆయన షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసుకునేవాడు. ఎవరో పుణ్యాత్ముడు ఆ గోడకు సున్నం కొట్టేశాడు. అప్పటినుంచీ ఆంజనేయస్వామిని అడిగినవాళ్లకు వినాయకుణ్ణి చూపించే పరిస్థితి వచ్చి, ప్రోగ్రాము రాయించుకుందామని వచ్చాడు. నా పని చూసి తల ఊపాడు గానీ, పెద్ద ఊర్లో ఎవరైనా చూశారా అని అడిగాడు. మా సెంటరు నడిపే అన్న (ఊరంతా ఆయన్ని సెంటరన్న అనేది) నావైపు తిరిగి, హైదరాబాద్‌లో నీకు తెలిసినవాళ్లు ఉన్నారా అన్నాడు. నేను ఆలోచించేలోపే నా నోరు, ఉన్నారన్నా, మా సీనియర్ ఒకాయన, అనేసింది.

అప్పట్లో ప్రోగ్రాములు దాచుకునే సైట్లు కొత్తగా వచ్చాయి. ఎవరు ఏరోజు ఏ లైను మార్చారో పేరుతో సహా ఆ సైటు గుర్తుపెట్టుకుంటుంది. పక్కవాళ్లు చూసి కింద తప్పొప్పులు రాయొచ్చు. ఆ హైదరాబాద్ సారు అక్కడ బాగుందని రాస్తేనే పని ఆళ్లగడ్డకు పోవాలని అన్న షరతు పెట్టాడు. ఆ సాయంత్రమే సారుకు ఒక మెయిలూ, సైట్లో ఒక అకౌంటూ పుట్టాయి. నా కంప్యూటర్లో రెండు బ్రౌజర్లు ఉండేవి. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో సారు. అన్న తన గదిలో వేరే కంప్యూటరు మీద మా ఇద్దరి సంభాషణా భక్తిగా చదివేవాడు.

ఊరికే మెచ్చుకుంటే అనుమానం వస్తుందని సారును కొంచెం కోపిష్టిని చేశాను. ఆయన పట్టుకోవడానికి వీలుగా అక్కడక్కడా నేనే తప్పులు వదిలేదాన్ని. విచిత్రమేమంటే, ఆ రెండో బ్రౌజరు తెరిచి కూర్చోగానే నేను వదలని తప్పులు కూడా కనిపించడం మొదలైంది. ఒకరోజు సారు, తేదీ దాటిపోయిన విగ్రహాలు జాబితాలోంచి మాయమవుతున్నాయి, అసలు బుద్ధి పెట్టి రాశావా, అని కడిగేశాడు. నిజమే, మాయమవుతున్నాయి. నాకు మాత్రం పొద్దుగూకేదాకా ఆయన మీద కోపం పోలేదు. టీ కూడా తాగలేదు.

మూడు నెలలు నిండే వారంలో అన్న సైట్లోనే సారును సూటిగా అడిగాడు. ఈ అమ్మాయిని పర్మనెంటు చేయొచ్చా, ఉన్నదున్నట్టు చెప్పండి, అని. నా బతుకు నా చేతిలోనే ఉండటమంటే ఇదే కదా. సారుగా కూర్చుని రాస్తూ ఉంటే సగంలో కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. మళ్లీ పోతుందేమోనన్న హడావుడిలో ముందు తెరుచుకున్న బ్రౌజర్లోనే గబగబా రాసి పంపేశాను: "ఈ అమ్మాయి చాలా తెలివైనది, నిజాయితీపరురాలు. మూడు నెలలుగా చాలా దగ్గరి నుంచి గమనించి చెబుతున్నాను."

పైన చూస్తే నా పేరుంది.

చెరిపేశాను గానీ, అప్పటికే అది మెయిలుగా అన్నకు చేరిపోయింది. ఐదు నిమిషాలకు పిలుపొచ్చింది. రుద్రవరం బస్సు ఎన్నింటికో గుర్తుచేసుకుంటూ లోపలికి పోయాను.

"కూర్చో" అన్నాడు. "నంద్యాల్లో కరెంటు పోతే హైదరాబాద్ సారుకు గూడా మాట పడిపోతాండె. నువ్వు ఆళ్లగడ్డకు పోయిన దినం ఆయప్ప గూడా పలకడు. నాకు రెండో నెల్లోనే తెల్సు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నా?"

"ఆయప్ప తప్పులు బాగా పడతాండె గదా. తిట్టేటప్పుడు గూడా నిన్నేం తక్కువ తిట్లా. అట్లాంటోన్ని ఎందుకు పోగొట్టుకునేదని ఊరికున్నా."

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది, కానీ అది బయటపడితే బాగుండదని తల వంచుకున్నాను. తప్పైపోయిందన్నా అని మాత్రం అనగలిగాను.

"సరే, ఇద్దర్ని పెట్టుకునే శక్తి నాకు లేదు" అన్నాడు అన్న. "ఆయప్పను ఈ పొద్దు నుంచి మాన్పిస్తాండా. నువ్వుండు. ఆళ్లగడ్డ పెద్దాయనకు మాత్రం నువ్వే పోయి చెప్పాల."

మర్నాడు పోయి, సారు పట్టిన తప్పులతో సహా అంతా చెప్పాను. ఆయన చేతిలోని ఉలి పక్కన పెట్టి, అయితే తేదీ దాటిన విగ్రహాల తప్పు పట్టింది ఎవరు అని ఒక్కమాటే అడిగాడు. నేనే అన్నాను. అయితే ఇంకేం అని మళ్లీ ఉలి తీసుకున్నాడు.

తిరిగొచ్చి సారు అకౌంటు మూసేశాను. మూసేముందు ఆయన రాసినవన్నీ మొదటినుంచీ ఒకసారి చదువుకున్నాను. ఆ పేరు చాటున ఎంత ధైర్యంగా రాశానో చూసి, అదే మాట నా పేరుతో రాయడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో అనిపించింది. చాలా ఏళ్లే పట్టింది. ఇప్పుడు కొత్తగా ప్రోగ్రాములు రాసే పిల్లల పని చూసి తప్పొప్పులు చెప్పడమే నా ఉద్యోగం, కోపిష్టినని పేరు కూడా ఉంది. కానీ ఎవరైనా నా పని బాగుందని రాస్తే, సంతోషపడే ముందు పైన పేరెవరిదో ఒకసారి చూసుకుంటాను.