పాదం ఆగిన చోట

తెల్లవారి వాకిట్లో ముగ్గు వేయడానికి బియ్యప్పిండి చేతిలోకి తీసుకుంటానా, అరచేతి తడిని పీల్చేసుకునే ఆ పొడితనం తగలగానే ఒక్కోసారి ముగ్గు సంగతే మరిచిపోతాను. బరువు ఎత్తబోయే ముందు మేము చేతులకు రాసుకునే తెల్లటి పొడి కూడా అచ్చం ఇలాగే ఉండేది. దానితో పాటే పలాసలోని మా రేకుల షెడ్డు, పక్క బట్టీలో జీడిపిక్కలు కాల్చే వాసన, షెడ్డు మూల స్టూలు మీద మాటాపలుకూ లేకుండా కూర్చునే సుభద్ర గారు వరసగా గుర్తుకు వచ్చేస్తారు. పూజలో మా ఇంటివాళ్ళ పేర్లు చెప్పుకున్నాక ఆమె పేరు కూడా చెప్పుకోవడం నాకు అలవాటు. ఆమెను ఎరగనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది అక్కుపల్లి. నాన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు, అమ్మ ఆ చేపలు పలాస తీసుకెళ్ళి అమ్మేది. నేను బడికి వెళ్ళలేదు. మా పెదనాన్నే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించి, భజన కీర్తనలు చదివించి నాకు చదువు అబ్బేలా చేశాడు. అది తొంభైల చివర. అమ్మతో పలాస వెళ్ళినప్పుడు నేను నిండు గంపను ఒక్క ఊపున బస్సు పైకి అందించడం వెయిట్ లిఫ్టింగ్ నేర్పే మాస్టారు చూశారు. అమ్మను ఎలాగో ఒప్పించి నన్ను షెడ్డుకు రప్పించారు. ఏడాది తిరిగేసరికి నా ఈడు పిల్లల్లో నేనెత్తినంత బరువు ఎత్తేవాళ్ళు ఆ షెడ్డులో లేరు.

అయితే ఎంత ఎత్తినా షెడ్డులోనే. పోటీకి వెళ్తే అందులో సగం బరువు కూడా మోకాలు దాటేది కాదు. మొదటిసారి జ్వరమన్నారు, రెండోసారి దిష్టి అన్నారు. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు. జిల్లా జట్టు ఎంపిక టెక్కలిలో జరగబోతోందని, ఈసారీ ఇలాగే అయితే నా చోటు ఇంకో పిల్లకు ఇవ్వక తప్పదని మాస్టారు నెమ్మదిగానే చెప్పారు. అమ్మకు అదే కావాలి. ఈ ఇనప సంతతో విసిగిపోయానంటూ, ఇదొక్కటే ఆఖరని నాన్న చేత ఒట్టు వేయించుకుంది. నాకు ఏడుపు రాలేదు గానీ అన్నం కూడా సయించలేదు. షెడ్డు లేని రోజు ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయేదాన్ని.

అప్పుడే మాస్టారు సుభద్ర గారిని పిలిపించారు. ఆమె విశాఖలో పెద్ద ఆసుపత్రిలో పనిచేసి టెక్కలి కోడలిగా వచ్చిన సైకాలజిస్టు. మందులు రాయరు, మాట్లాడతారు, మాట్లాడించి వింటారు. ఆటగాళ్ళ మనసు ఎక్కడ బిగుసుకుంటుందో చూడటం ఆమె చదువు. ఈ సంగతి మా ఊరికి చేరేసరికి వేరే రూపం ఎత్తింది. అమ్మ ఆదరాబాదరా షెడ్డుకు వచ్చి మాస్టారిని నిలదీసింది.

"పిచ్చోళ్ళ డాక్టరమ్మంట గదా, నా గుంటకేటయినాదని పిలిసినారు బాబూ? మావేటి తక్కువ సేసినాం?"

సుభద్ర గారే జవాబు చెప్పారు. "మీ పిల్లకేం కాలేదమ్మా. ఏమీ కాని పిల్ల ఎత్తగలిగిన బరువు ఎందుకు ఎత్తడం లేదో చూడ్డానికి వచ్చాను. మీరూ కూర్చోండి." అమ్మ గంప దించి, కూర్చోకుండా నిలబడింది.

తర్వాత కొన్ని ఆదివారాలు ఆమె కేవలం చూస్తూ కూర్చున్నారు. ఒకరోజు, పోటీలో నా పేరు పిలిచినప్పటి నుంచి బరువు పట్టుకునేదాకా ఏమేం జరుగుతుందో అలాగే నడిచి చూపించమన్నారు. మాస్టారిని కూడా అక్కడ ఎలా ఉంటారో అలాగే ఉండమన్నారు. షెడ్డులో మాస్టారు ఎప్పుడూ నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేవారు. పోటీలో శిక్షకులను వేదిక ఎక్కనివ్వరు కనుక నా వెనకే ఉండిపోయేవారు. నేను నడిచాను. వెనక నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి, లాగెయ్ పిల్లా అని గట్టిగా కేక వేశారు.

"ఎందుకు ఆగావు?" అన్నారు సుభద్ర గారు.

"నేనాగనేదమ్మగారూ."

"నీ పాదం ఆగింది. మళ్ళీ నడువు."

మళ్ళీ నడిచాను. ఈసారి నాకూ తెలిసింది. కేక వినబడగానే కుడికాలు గాలిలో రవ్వంత తడబడి దిగింది. చేపలమ్ముకుని వచ్చి చూస్తూ నిలబడ్డ అమ్మ అప్పుడు అసలు సంగతి చెప్పింది. పడవెక్కడానికి బయల్దేరినవాణ్ణి మా వాళ్ళలో ఎవరూ వెనక నుంచి పిలవరు. పిలిస్తే ఆ వేట అచ్చిరాదని పసిపిల్లలకు కూడా తెలుసు. నేను అందులోనే పెరిగాను గనుక అదొక నమ్మకమని కూడా నాకు తోచలేదు. మాస్టారు వరిపొలాల ఊరివాడు, ఆయనకు మరీ తెలియదు. నాకు ధైర్యం రావాలని ప్రతి పోటీలోనూ ప్రాణం పెట్టి అరిచేవారు పాపం.

"ఇంతేనా, ఇక నోరు మూసుకుంటాను" అని మాస్టారు నవ్వేశారు. సుభద్ర గారు నవ్వలేదు. మీరు మానేస్తారు, జనం మానరు కదా అని, అమ్మ వైపు తిరిగారు.

"పొరపాటున ఎవరైనా పిలిచేస్తే మీ ఆయన ఏం చేస్తారమ్మా?"

"ఏటి సేత్తాడు, ఎనక్కొచ్చి కూకుంటాడు. కూసిన్ని నీళ్ళు తాగి, గంగమ్మ తల్లికి దండమెట్టి ఎల్తాడు."

"వెళ్ళాక భయపడతారా?"

"తల్లికి సెప్పుకున్నాక ఇంకేటి బయం?" అని అమ్మ ఆమెనే వింతగా చూసింది.

పోటీలో పేరు పిలిచాక బరువెత్తడానికి మాకిచ్చే వ్యవధి ఒక్క నిమిషం. ఆ నిమిషంలోనే వెనక్కి వచ్చి కూర్చోవడం, ఒక గుక్క నీళ్ళు, ఒక దండం, మళ్ళీ నడక. సుభద్ర గారు నాతో అదే సాధన చేయించారు. వెనక నుంచి అరవడానికి షెడ్డు పిల్లలందరినీ పురమాయించారు. వాళ్ళు ఆ అవకాశాన్ని బాగానే వాడుకున్నారు, నన్ను పిలవని పేరు లేదు.

టెక్కలిలో నా పేరు వినబడింది. నేను లేవగానే జనంలోంచి ఎవరో కేక వేశారు. వేదిక అంచు దాకా వెళ్ళినదాన్ని తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంటే గొల్లున నవ్వారు. గడియారం చూసి మాస్టారి ముఖం పాలిపోయింది. నీళ్ళు గొంతులోకి దిగుతుంటే ఊపిరి కూడా దానితోనే కిందికి దిగింది. తల్లీ అనుకుని లేచాను. ఆ నడక తప్ప నాకేమీ గుర్తులేదు. బరువు తలకు పైన ఉంది, చేతులు నిటారుగా ఉన్నాయి, దించమన్నారు. ఆఖరి ప్రయత్నంలో ఎత్తలేకపోయాను, అయినా జట్టులో చోటు దక్కింది. అమ్మ మర్నాడు చేపలు వండి నా చేత సుభద్ర గారికి పంపించింది, గిన్నె మాత్రం జాగ్రత్తగా తిరిగి తెమ్మంది.

ఆ నీళ్ళలో నిజంగా మహిమ ఉందంటారా అని ఒకసారి ఆమెను అడిగాను. "అది మీ అమ్మగారికి తెలియాలి. నాకు నీ ఊపిరి సంగతే తెలుసు" అన్నారు. నా మటుకు నాకు రెండూ ఒకటే. ఆమెను పంపింది ఆ తల్లేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

నేను పెద్ద పతకాలేమీ తేలేదు. కొన్నేళ్ళు ఎత్తి, హాయిగా మానేశాను. ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలకు సాయంత్రాలు కబడ్డీ నేర్పుతున్నాను. కూతకు వెళ్ళబోయి గీత దగ్గర బిగుసుకుపోయే పిల్ల ప్రతి జట్టులోనూ ఒకతె ఉంటుంది. మొన్న అలాంటి పిల్ల ఒకతె వచ్చి, అందరూ భయపడకు అంటారు, నువ్వెందుకు అనవు అత్తా అని అడిగింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. సుభద్ర గారు కూడా నాతో ఆ మాట ఒక్కనాడూ అనలేదు. ఆ పిల్ల పక్కన ఇసుకలో కూర్చున్నాను.

"ఆ బిగుసుకోడం ఎక్కడ మొదలవుతాదో సూపించు," అన్నాను. "నడు, నేను సూత్తాను."