జేబులో ఫ్యూజులు

వై.ఎన్. హొసకోట మిల్లులో పనికి చేరిన మొదటి పొద్దే దెబ్బ తిన్నాను. వేరుశెనగ మూటను భుజం మీంచి దించుతుంటే ఎవరో వెనక నుంచి మోకాలి మడత మీద తన్నారు. మూటతో సహా బోర్లా పడ్డాను. పెదవి చిట్లి నోరంతా రక్తమైంది. తలెత్తి చూస్తే మిషను నడిపే మనిషి. మూట దోవకు అడ్డంగా దించుతున్నానని అతని కోపం. ఆ మాట నోటితో చెప్పొచ్చు. చెప్పలేదు. నా పక్కన ఉమ్మి, తిరిగి మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

వానలు లేని ఏళ్లవి. మా ఊరు అరసికెరెలో చేలోని పైరు పూత మీదే మాడిపోతే మా నాయన నన్ను ఆ మిల్లులో పెట్టాడు. చిన్న మిల్లు. కాయలు ఒలిచే మిషను ఒకటి, దాన్ని నడిపే అతను, తొట్టిలో కాయలు పోసే నేను, గింజల్లోంచి రాళ్లూ పుచ్చులూ ఏరే ఆడవాళ్లు కొందరు. అతన్ని అందరూ మిషనాయప్ప అనేవాళ్లు. నా పనిలో తన బామ్మర్దిని పెట్టించాలనుకున్నాడట. మా ఊరి కాయలన్నీ తన మిల్లుకే వస్తాయన్న ఆశతో సావుకారి నన్ను తీసుకున్నాడు. సావుకారి మీద చూపించలేని కోపమంతా మిషనాయప్ప నా మీద చూపించాడు.

నాతో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. తెగిపోయిన బెల్టు ముక్క ఒకటి చేతిలో ఉంచుకునేవాడు. కాయలు పోయడం కాస్త ఆలస్యమైతే అది వీపు మీద పడేది. ఎందుకు కొట్టాడో దెబ్బ పడ్డాక నేనే ఊహించుకోవాలి. ఒకసారి మూటలు లాగే ఇనుప కొక్కెం విసిరాడు. అది నా చెవి పక్కన గోతాంలో దిగబడి అక్కడే ఊగింది. గింజలు ఏరే వాళ్లలో పెద్దది ఒక అవ్వ ఉండేది. ఆమె చేట కింద పెట్టి లేచింది.

"ఏమప్పా, వాడేమన్నా ఎద్దా? గొడ్డును బాదినట్ల బాదుతావే!"

అతను ఆమె వైపు చూడనైనా లేదు.

రాత్రి ఇంట్లో వెల్లకిలా పడుకోలేకపోయేవాణ్ణి. మానేద్దామంటే ఊళ్లో వేరే పని లేదు. బావులు ఎండిపోయాయి. మా ఎద్దుల్ని అప్పటికే అమ్మేశాం.

ఒక మధ్యాహ్నం మిషను జల్లెడకు పొట్టు అడ్డుపడింది. మామూలుగానే అతను స్టార్టరు ఆపాడు. నేను చేయి లోపలికి పెట్టి పొట్టు లాగుతున్నాను. ఎందుకో తలెత్తి చూశాను. అతని కళ్లు నా మీదే ఉన్నాయి. వేలు మిషను తిరిగే పచ్చ బొత్తాం మీద ఉంది. నా చేతిని వెనక్కి లాక్కునేలోపే నొక్కాడు.

ఎడమ చేతి చివరి రెండు వేళ్లు పోయాయి. అప్పుడు నొప్పి తెలియలేదు. తెల్లటి గోతాం మీద గింజలు రక్తంతో తడిసి రాలుతుంటే ఆ రక్తం నాదని కాసేపు అర్థం కాలేదు. అవ్వ పరిగెత్తుకొచ్చి ఎర్ర బొత్తాం గుద్ది మిషను ఆపింది.

"చేయి లోపలుండేది నేను చూడలేదు" అన్నాడతను. అప్పుడు కూడా నాతో కాదు, ఆమెతో.

"చూసినావు. నువ్వు చూసేది నేను చూసినా" అంది అవ్వ.

నేలమీది కొక్కెం నా కుడి చేతికి ఎలా వచ్చిందో తెలియదు. బలంకొద్దీ తిప్పి కొట్టాను. అతని చెంప చెవి నుంచి గడ్డం దాకా చీలింది. ఇంకోసారి ఎత్తాను గానీ అప్పటికే కళ్లు తిరిగి మూటల మీద పడిపోయాను.

పావగడ ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని ఇల్లు చేరేసరికి మా నాయన కొడవలి నూరుతున్నాడు. "వాని చేయి తెచ్చి నీ ముందర యేస్తా" అని లేచాడు. మా అమ్మ నాయన కాళ్లు పట్టుకుని వదల్లేదు. తర్వాత సావుకారి వచ్చాడు.

"పోలీసుల దాకా పోతే మిల్లుకు బీగం పడతాది. ఆ ఆడోళ్లంతా యాడికి పోతారు చెప్పు? వాణ్ణి తీసేస్తే మిషను నడిపే మనిషి నాకు దొరకడు."

కట్టు విప్పాక మళ్లీ పనికి వెళ్లాను. మిషనాయప్ప చెంప మీద నేను వేసిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని చూస్తే సంతోషం కలిగింది.

ఆ రోజే జల్లెడ మళ్లీ అడ్డుపడింది. అతను మిషను ఆపాడు. నేను చేయి పెట్టలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, కరెంటు పెట్టెలోని మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాను. ఆ తర్వాతే పొట్టు తీశాను. తీసి చేతులు దులుపుకుని నిలబడ్డాను. ఇప్పుడు మిషను తిరగాలంటే అతను నన్ను నోరు తెరిచి అడగాలి.

అడగలేదు. మీదికొచ్చి గొంతు పట్టుకున్నాడు. నన్ను గోడకు అదిమి, మరో చేత్తో జేబు చింపబోయాడు. నేను రెండు చేతులూ జేబు మీదే పెట్టుకున్నాను. ఊపిరాడలేదు. కళ్ల ముందు నల్లబడింది. అంతలో అతని వీపు మీద ఏదో పగిలిన చప్పుడు. అవ్వ చేట. ఆ వెనకే మిగతా ఆడవాళ్లంతా లేచారు. చీపుర్లతో, చెప్పులతో, ఏరిన రాళ్ల బుట్టతో కొట్టారు. "ఇంగా యెన్ని వేళ్లు కావాల్రా నీకు?" అని అరుస్తూ కొట్టారు. అతను పొట్టు కుప్పలో పడ్డాక కూడా ఆపలేదు. చివరికి సావుకారి వచ్చి చేతులు జోడిస్తే గానీ వదల్లేదు.

అతను మెల్లగా లేచాడు. చెంప మళ్లీ చిట్లి చొక్కా తడిసిపోయింది. పొట్టు దులుపుకుని నా ముందుకు వచ్చాడు.

"ఫ్యూజులియ్యి" అన్నాడు.

"ఎవుర్ని అడుగుతాండావు?"

"నిన్నే. ఇయ్యప్పా."

ఇచ్చాను.

ఆ తర్వాత అతను నన్ను మళ్లీ కొట్టలేదు. జల్లెడ అడ్డుపడ్డ ప్రతిసారీ ఫ్యూజులు నా జేబులోకి వచ్చేవి, ప్రతిసారీ అతను అడిగేవాడు. ఒక్కోసారి కావాలనే కాసేపు ఆలస్యం చేసేవాణ్ణి. స్నేహం ఏమీ కుదరలేదు. అన్నం మూట చెరో మూల విప్పుకునేవాళ్లం. మూటల వెనక చప్పుడైతే ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడి తిరిగేవాళ్లం.

చివరికి ఒక ఏడాది చేలల్లో విత్తిన గింజలు కూడా తిరిగి రాలేదు. ఒలవడానికి కాయలు లేక సావుకారి మిషను అమ్మేశాడు. దాన్ని లారీ ఎక్కించడానికి నన్నూ అతన్నీ పిలిచాడు. చెరోవైపు పట్టి ఎత్తాం. మిషనుతో పాటు అతనూ చళ్ళకెరె వైపు వెళ్లిపోయాడు, అక్కడ దాన్ని నడపడానికి. నేను అతన్ని క్షమించలేదు. అతను అడగనూ లేదు.

"పీడ పాయె" అంది ఒకామె.

"కూలి గూడా పాయె గదే" అంది అవ్వ. మరుసటి వారం పాత గుడ్డలో రెండు చీరలు మూట కట్టుకుని, పని వెతుక్కుంటూ ఆమె హిందూపురం బస్సెక్కింది. ఎక్కించడానికి నేనే వెళ్లాను.