గుడ్ల పెట్టెలో వామనగుంటలు

ఎనభైల మొదట్లో, అమెరికాలోని షాంటిలీ అనే ఊళ్లో, మా అమ్మాయి ఫస్ట్ గ్రేడ్‌లో నోరు విప్పేది కాదు. టీచరు మమ్మల్ని పిలిపించి, "రెండు భాషలతో పిల్ల తికమకపడుతోంది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి. జూన్‌లోగా పుంజుకోకపోతే ఇదే క్లాసు మళ్లీ చదవాలి" అంది. ఆ మాటకి నా ఎత్తు ఆరంగుళాలు తగ్గింది. పూర్తిగా ఇప్పటికీ తిరిగిరాలేదు.

ఆ సాయంత్రమే ఇంట్లో తెలుగు బంద్ చేశాను. ఆవకాయని ఇంగ్లీషులో అడగడం చేతకాక వారంపాటు పెరుగన్నం ఉత్తదే తిన్నాం. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, ఫ్రిజ్ ఏమంటోందో మాటామాటా వినపడేది.

చట్టానికి లొంగనిది మా అత్తగారొక్కరే. ఆర్నెల్లకని వచ్చిన ఆవిడకి తెలిసిన ఇంగ్లీషల్లా "ఓకే". అది కూడా నామీద ఎన్నడూ వాడలేదు.

ఓరోజు ఆఫీస్‌నించి వచ్చేసరికి హాల్లో కురుక్షేత్రం. పన్నెండు గుడ్ల అట్టపెట్టె, దాని చివర రెండు కాఫీ కప్పులు, వెరసి పద్నాలుగు గుంటలు, వాటినిండా చింతపిక్కలు. అమ్మమ్మా మనవరాలూ వామనగుంటలు ఆడుతున్నారు.

"తొండి, అమ్మమ్మా! నువ్వు తీసినవి అయిదే. ఆరు గుంటల్లో ఎలా వేశావు?"

"వేశానా? ఏదీ, చూపించు."

చూపించింది. ఏ గుంటలో ముందెన్ని ఉన్నాయో, ఇప్పుడెన్ని అయ్యాయో వేలుపెట్టి మరీ సాక్ష్యం చెప్పింది. తొండి పట్టాలంటే గుర్తుండాలి, గుర్తుండాలంటే లెక్క రావాలి, దెబ్బలాడాలంటే మాటలు కావాలి. నెలంతా నాలుగు ముక్కలు మాట్లాడని పిల్ల ఆ పావుగంటలో నాలుగువేలు మాట్లాడింది.

"బడిలో కావలసింది ఇంగ్లీషండీ, అత్తయ్యగారూ" అన్నాను.

"అన్నం పెడితే పిల్లకి కుడికాలు ఒక్కటే పెరుగుతుందా, బాబూ?" అన్నారావిడ.

నేను ఇంజనీర్ని. జవాబుకోసం వారంరోజులు గింజుకుని, చివరికి తెలుగుమీద నిషేధం ఎత్తేశాను.

మే నెలలో పిల్ల ఆ పెట్టెని బడికి పట్టుకెళ్లింది. ఆట నేర్పాలంటే అక్కడివాళ్లకి ఇంగ్లీషులోనే చెప్పాలిగా! తడబడుతూనే మొదలెట్టిందట. తోటిపిల్ల ఒక గింజ ఎక్కువ వేసేసరికి తడబాటు మర్చిపోయి క్లాసంతా అదిరేలా వాదించిందట.

జూన్‌లో టీచరు ఫోన్ చేసింది. "సెకండ్ గ్రేడ్‌కి పంపుతున్నాం. చదవడం, లెక్కలు, అన్నీ కలిసి పెరిగాయి. నేను చెప్పినట్టు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు కదా?"

"లేదండీ, ఒక్క ముక్కా మాట్లాడలేదు" అన్నాను. అవతల ఒక్కసారిగా నవ్వు. తర్వాత, క్లాసులో చూసిన ఆ ఆట రాసి పంపమని అడగడం.

ఫోన్ పెట్టేసి అత్తగారికి చెప్పాను. ఆవిడ గింజలు సర్దుతూ తలెత్తకుండానే, మొట్టమొదటిసారి నాతో "ఓకే" అన్నారు.